మోకాలి కింద ఉద్యోగం

నా ఉద్యోగమంతా మోకాలి కిందే గడిచింది. మనుషుల ముఖాలు నాకు ఆలస్యంగా గుర్తుకొస్తాయి, కాళ్ళు మాత్రం చూడగానే చెప్పేస్తాను. ఈ మధ్య కొండాపూర్ కూరగాయల సంతలో ఒకాయన ఎదురుపడి "నమస్తే సిస్టర్, గుర్తుపట్టారా?" అని అడిగితే తెల్లమొహం వేశాను. ఆయన నవ్వి ప్యాంటు కాస్త పైకి లాగాడు. "ఓహో, ఎడమ కాలు, చీలమండ లోపలి వైపు, పచ్చబొట్టు పక్కన పుండు" అన్నాను. కూరగాయలామె మా ఇద్దరినీ చూసి బెండకాయలు తూచడం ఆపేసింది.

నేను కడప జిల్లా మనిషిని. నర్సు చదువు పూర్తికాగానే ఈ ఊరొచ్చి, రకరకాల ఆసుపత్రుల్లో తిరిగి, చివరికి హైటెక్ సిటీ పక్కన ఒక చిన్న సిరల ఆసుపత్రిలో డ్రెస్సింగ్ గది పట్టుకుని అక్కడే రిటైరయ్యాను. కాళ్ళలో సిరలు ఉబ్బి, వాటివల్ల పుండ్లు పడి, ఏళ్ళ తరబడి మానక తిరిగేవాళ్ళే మా దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడు అదే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు హఫీజ్‌పేట్‌లో మా ఇంటికి వచ్చి, "అమ్మా, ఈ పనిలో అసలు సంగతేమిటో చెప్పండి" అని అడిగారు. నోటితో చెబితే కాఫీ చల్లారే లోపు మరిచిపోతారని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, రిజిస్టర్లు ఎలా నింపాలో ఇందులో ఉండదు. అవి మీకు ఎలాగూ నేర్పిస్తారు.

కారేది కింద, చెడింది పైన

మొదట ఇది తెలుసుకోండి. మీరున్న అపార్ట్‌మెంట్‌లో కింద సంపు, పైన ట్యాంకు ఉంటాయి. మోటారు నీళ్ళను పైకి తోస్తుంది. తోసిన నీళ్ళు వెనక్కి జారకుండా పైపులో వాల్వులుంటాయి. కాలిలో ఆ మోటారు పని చేసేది పిక్క. మనిషి నడిచినప్పుడల్లా పిక్క కండ సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. సిరల్లో ఉండే చిన్న తలుపులు దాన్ని కిందికి జారనివ్వవు. ఆ తలుపులు చెడ్డాయా, రక్తం కిందికి దిగి చీలమండ దగ్గర మడుగు కడుతుంది. చర్మం నల్లబడుతుంది, దురద పెడుతుంది, ఒకరోజు గోకితేనో మంచం కోడు తగిలితేనో పగులుతుంది. ఇక అది మానదు. కారేది కింద, చెడింది పైన. చాలామంది కింద మాత్రమే చూస్తారు.

చూసి ఏం చేస్తారో కూడా చెబుతాను. పసుపు అద్దుతారు, కాఫీ పొడి పోస్తారు. మందుల షాపులో గొట్టం గోలీ కొని, దాన్ని విప్పి లోపలి పొడిని పుండు మీద చల్లుతారు. మింగాల్సిన మందును చల్లడం ఏమిటమ్మా అంటే, శేరిలింగంపల్లి నుంచి వచ్చే ఒక పెద్దమ్మ నాకు ఎదురు చెప్పింది. "మింగితే కడుపులకు పోతది బిడ్డా, పుండు కాలికి గద ఉన్నది?" అంది. వాదనలో ఆమె మీద గెలిచిన వాళ్ళు మా ఆసుపత్రిలో ఎవరూ లేరు. పుండును శుభ్రంగా కడిగి, వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింద దాకా గట్టి కట్టు కట్టి పంపాం. అదే మందని ఆమె నమ్మడానికి చాలా రోజులు పట్టింది.

అవును, కట్టే మందు. కింద గట్టిగా, పైకి పోయే కొద్దీ కాస్త వదులుగా కట్టిన కట్టు, చెడిపోయిన ఆ తలుపుల పనిని బయటినుంచి చేస్తుంది. మన రోడ్ల మీద హోర్డింగులు చూడండి, లేజర్ గురించి ఎంత పెద్ద అక్షరాలో. లేజర్ మంచిదే, చెడిన సిరను మూసేస్తుంది, మళ్ళీ పుండు పడకుండా కాస్తుంది. కానీ కట్టు గురించి హోర్డింగు పెట్టిన ఆసుపత్రిని నేనింకా చూడలేదు. కట్టులో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, అది కట్టేవాళ్ళ నడుము విరుగుతుంది, అంతే.

చదువుకున్న వాళ్ళు సులువని అనుకోకండి. ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ లీడర్ ఉండేవాడు. పుండు మానాక అది తిరగబెట్టకుండా బిగుతు మేజోళ్ళు ఇచ్చాం. కొన్నాళ్ళకు కాలు వాచి వచ్చాడు. "డైలీ వేసుకుంటున్నాను సిస్టర్, హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు. ఎంత పైదాకా వేసుకుంటున్నావు నాయనా అని అడిగితే, "కంఫర్టబుల్‌గా ఉన్నంత వరకు" అన్నాడు. మోకాలి దాకా ఉండాల్సినదాన్ని సగం పిక్క దాకా మడిచి, మీటింగుల్లో కూర్చునేవాడు. ఆ మడత కాలిని రబ్బరు బ్యాండులా నొక్కి, కింద ఉన్న రక్తాన్ని అక్కడే కట్టేసింది. అలాగని అతన్ని తిట్టలేదు, మడత విప్పి చూపించాను. రోగిని తిడితే మనకు కోపం తగ్గుతుంది, వాళ్ళ పుండు తగ్గదు.

మా డాక్టరు గారి కత్తెర

మా పెద్ద డాక్టరు మురళీధర్ గారిది భీమవరం వైపు. చెయ్యి చల్లన, నోరు వేడి. ఆపరేషన్ గదిలో దేవుడు, డ్రెస్సింగ్ గదిలో అడుగుపెడితే మాత్రం మాకు గుండె దడ. కట్టు కట్టడం ఆయనకు సరిగా వచ్చేది కాదు. ఆ మాట ఆయనే రోగులకు చెప్పేవాడు. "సిరల సంగతి నన్నడగండి, కట్టు సంగతి సిస్టర్ గారిని అడగండి" అని. పై అధికారుల్లో ఈ గుణం ఎంత అరుదో మీకు ముందు ముందు తెలుస్తుంది.

ఒకసారి సునీత అనే కొత్త నర్సు ఒక ముసలాయన కాలికి కట్టు కడుతోంది. ఆయన నోట్లో బీడీ లేకుండా పుట్టాడంటే నమ్మలేం, అంత పొగ వాసన. పుండు కూడా చీలమండ దగ్గర కాదు, బొటనవేలి మీద ఉంది. డాక్టరు గారు గుమ్మంలోంచి చూశాడు. లోపలికి వచ్చి, కత్తెర తీసుకుని, కట్టును పైనుంచి కింది దాకా కత్తిరించేశాడు. సునీత ముఖం పాలిపోయింది.

ఆయన అడిగింది ఒక్కటే. "పాదం మీద నాడి చూశారా అండి?"

చూడలేదు. ఆ ముసలాయనకు చెడింది సిర కాదు, కాలికి రక్తం తెచ్చే ధమని. అసలే రక్తం అందని కాలికి గట్టి కట్టు వేస్తే ఆ కాలే పోతుంది. తిట్లు మొదలవుతాయని అందరం తలలు దించుకున్నాం. ఆయన తిట్టలేదు. ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న ప్రతి ఒక్కరినీ పిలిచి, చెప్పులు విప్పించి, ఒకరి పాదం మీద ఒకరిని నాడి వెతకమన్నాడు. క్యాషియరు పాదం రిసెప్షన్ అమ్మాయి పట్టుకుంది, డాక్టరు గారి పాదం సునీత పట్టుకుంది. క్యాషియరుకు చక్కిలిగింతలు. బయట కూర్చున్న రోగులు ఇదేదో కొత్త వైద్యమనుకుని తామూ చెప్పులు విప్పేశారు. ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో నాడి దొరకనిదే కట్టు ముట్టుకున్న వాళ్ళు లేరు. మీరూ ముట్టుకోకండి.

ఇస్త్రీ యాదయ్య

ఇప్పుడు అసలు కథ. రిటైర్ కావడానికి కొంత ముందు యాదయ్య అనే ఆయన మా దగ్గరికి వచ్చాడు. ఊరు శంకర్‌పల్లి వైపు. తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ గోడ పక్కన, రేకుల కింద ఇస్త్రీ బల్ల పెట్టుకుని ఆయన, భార్య బాలమణి పని చేసుకుంటారు. పొద్దున్నుంచి పొద్దుపోయే దాకా నిలబడే ఉద్యోగం. కుడికాలి చీలమండ పైన అరచేయంత పుండు, కారి కారి చర్మమంతా చివికి ఉంది. వాసన కూడా ఉంది, దాచడమెందుకు.

నాడి చూశాం, బాగుంది. డాక్టరు గారు పైన సిరకు లేజర్ చేశాడు. నేను కట్టు కట్టడం నేర్పాను. అది ఉతికి మళ్ళీ వాడుకునే నూలు కట్టు, మెత్తని ముడతలతో ఉంటుంది, లాగితే సాగుతుంది. పడుకునేటప్పుడు విప్పాలి, మంచం దిగకముందే మళ్ళీ కట్టాలి. వచ్చినప్పుడల్లా మేం కొత్త కట్టు వేసి పంపేవాళ్ళం, విప్పిన పాతది ఇంటి దగ్గర మార్చుకోవడానికి పనికొచ్చేది.

యాదయ్యంత బుద్ధిమంతుడైన రోగిని నేను చూడలేదు. చెప్పిన రోజుకు తప్పకుండా వచ్చేవాడు. మార్చుకునే కట్టును ఎంత తెల్లగా ఉతికి, ఎంత అందంగా మడిచి కవర్లో పెట్టి తెచ్చేవాడంటే, మా నర్సులు ఒకరికొకరు చూపించుకునేవారు. ముక్కిన కట్లతో వచ్చే మిగతా రోగులకు "ఆయన్ను చూసి నేర్చుకోండి" అని నేనే చెప్పేదాన్ని. డాక్టరు గారు కూడా ఒకసారి ఆ మడత చూసి "శభాష్ యాదయ్యా" అన్నాడు. యాదయ్య ముఖం వెలిగిపోయింది.

కాలు మాత్రం మానలేదు. మొదట్లో కాస్త తగ్గినట్టే తగ్గి, తర్వాత నిమ్మకు నీరెత్తినట్టు అలాగే కూర్చుంది. ఇలా మొండికేసిన పుండులో ఒక్కోసారి క్యాన్సర్ దాగి ఉంటుందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం. అదేమీ లేదని వచ్చింది. అప్పుడు డాక్టరు గారికి అనుమానం మొదలైంది.

"ఇక్కడికి వచ్చే రోజే కడుతున్నావు కదూ? నిజం చెప్పవయ్యా" అన్నాడు.

"దేవుని మీద ఒట్టు సార్. పండేటప్పుడు తప్ప ఇప్పనే ఇప్ప" అన్నాడు యాదయ్య. డాక్టరు గారు నమ్మలేదు. తొడ చర్మం తీసి పుండు మీద అతకాలని, ఆ తర్వాత చాలా రోజులు కాలు కింద పెట్టకూడదని చెప్పి వెళ్ళిపోయాడు.

యాదయ్య డ్రెస్సింగ్ బల్ల దిగకుండా కూర్చుండిపోయాడు. ఏమయిందని అడిగితే బాలమణి చెప్పింది. "ఆ రేకుల జాగ ఖాళీ చెయ్యుమంటున్నరు సిస్టరమ్మా. కాలు కారుతుంది, వాసనొస్తుంది, పిల్లల బట్టలు గీయనకెట్ల ఇయ్యాలె అని సొసైటీల అన్నరంట. ఫోన్ల బుక్ చేస్తే వచ్చి తీస్కపోయే లాండ్రీ కంపెనోళ్ళు ఆ జాగ అడుగుతున్నరు. ఇగ గిన్ని దినాలు పంటే మా జాగ మాకుంటదా?"

భర్త వైపు చూసి "ఫికర్ చెయ్యకు" అని, ఆయన చెప్పులు దగ్గరికి జరిపింది.

తెల్లాపూర్ గేటు దగ్గర

నా పనిలో నాకో అలవాటుంది. పుండు ఎందుకు మానడం లేదో గదిలో తెలియకపోతే, రోగి ఎక్కడ నిలబడతాడో పోయి చూస్తాను. నిలబడే చోటు చెప్పినంత నిజం నోరు చెప్పదు. ఒకరోజు పొద్దున్నే ఆటో ఎక్కి తెల్లాపూర్ పోయాను.

రేకుల కింద బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎర్రగా కాలుతోంది. బల్ల మీద ఒక పక్క ఆఫీసు చొక్కాలు కుప్పగా ఉన్నాయి. యాదయ్య నన్ను చూడలేదు. బల్ల మధ్యలో తెల్లటి పొడుగాటి గుడ్డ పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టెను రెండు చేతులతో ఒత్తి, ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతున్నాడు. ఆవిరి లేస్తోంది. చొక్కా చేతులకు పెట్టినంత శ్రద్ధగా దానికి మడత పెట్టాడు. అది మా కట్టు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాను.

"ఏందమ్మా గట్ల నవ్వుతున్నరు?" అన్నాడు యాదయ్య, బిత్తరపోయి.

"కట్టుకు ఇస్త్రీ చేస్తావా యాదయ్యా?"

"కట్టు గూడ బట్టనే గదమ్మా. ఊరందరి బట్టలు ఇస్త్రీ చేసేటోడు, తన కట్టు ముడుతలతోని కట్టుకొని దవాఖానకు వస్తే నలుగురు ఏమంటరు? ఇజ్జత్ ఉండాలె గద. మొన్న పెద్ద సార్ గూడ శభాష్ అన్నడు. ఆనాటి సంది ఇంకింత గట్టిగ ఒత్తుతున్న."

ఆ కట్టును చేతిలోకి తీసుకుని లాగాను. సాగింది. వదిలాను. ముడుచుకోకుండా అలాగే పడి ఉంది. "యాదయ్యా, ఈ ముడతల్లోనే మందుంది. సాగి, మళ్ళీ దగ్గరికొస్తేనే ఇది కాలును పట్టుకునేది. నువ్వు మందునంతా పెట్టె కింద కాల్చేస్తివి కదప్పా" అన్నాను.

యాదయ్య పెట్టెను పక్కన పెట్టి, కట్టును తానూ లాగి చూసుకున్నాడు. బాలమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఊళ్ళలో పైన పటారం లోన లొటారం అంటారే, అది ఆ కట్టుకు సరిగ్గా సరిపోతుంది. మేమంతా పటారం చూసి చప్పట్లు కొట్టాం. మెచ్చుకునే కొద్దీ ఆయన పెట్టె వేడి పెంచాడు. విప్పిన కట్టును ఒక్కసారి లాగి చూడాలన్న ఆలోచన అంతమందిలో ఒక్కరికీ రాలేదు. పిల్లలూ, బుద్ధిమంతుడైన రోగిని ఇంకాస్త ఎక్కువ పరీక్ష చెయ్యండి. మొండివాడి తప్పు వెంటనే కనిపిస్తుంది, బుద్ధిమంతుడి తప్పు మనకు ముద్దొస్తుంది.

ఈ సంగతి చెబితే డాక్టరు గారు కూడా నవ్వాడు, కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా. కానీ యాదయ్య వచ్చినప్పుడు లేచి నిలబడి, "నిన్ను అనవసరంగా అనుమానించానయ్యా, ఏమీ అనుకోకు" అన్నాడు. చర్మం అతికే మాట పక్కన పెట్టేశాం. కొత్త కట్లు ఇచ్చాం. నీడలో పరిచి ఆరబెట్టడమే, ఇస్త్రీ పెట్టెకు వాటి ముఖం చూపించకూడదని ఒట్టు వేయించుకున్నాను. చొక్కా తిరగేసినప్పుడల్లా మడమలు ఎత్తి దించమన్నాను, పిక్క మోటారు ఆడాలి కదా. పుండు చుట్టూ కొత్త చర్మం లేత గులాబీ రంగులో పాకడం మొదలైంది. కారడం తగ్గింది, వాసన పోయింది. ఆ వాసన పోయిన రోజు బాలమణి మా గదిలో అందరికీ సకినాలు పంచింది.

క్లబ్ హౌస్‌లో ఆదివారం

అయితే పుండు ఇంకా మూతపడకముందే సొసైటీ వాళ్ళు ఆదివారం మీటింగు పెట్టారు. ఆ జాగా ఎవరికివ్వాలో తేల్చేస్తారట. డాక్టరు గారిని ఒక్కసారి వచ్చి మాట్లాడమని అడిగాను.

"నేను కాళ్ళకు ఆపరేషన్లు చేస్తానండి, కమిటీలకు కాదు" అన్నాడు. ఆదివారం పొద్దున్న నేను పోయేసరికి ఆయన కారు క్లబ్ హౌస్ ముందు ఆగి ఉంది.

సెక్రటరీ పేరు ఓబులేశు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. మాట వినగానే మా కడప వాడని తెలిసిపోయింది. చెడ్డవాడేమీ కాదు. వాసన వచ్చిన మాట నిజం, ఫిర్యాదులు వచ్చిన మాట నిజం. నేను ఆ గోడకు అవతల ఉంటే నేనూ ముక్కు మూసుకునేదాన్నేమో.

డాక్టరు గారు ఇది అంటుకునే జబ్బు కాదని, రక్తం దారి తప్పడం వల్ల వచ్చేదని చెప్పాడు. మధ్యలో ఒకాయన లేచి, "డాక్టర్, నాక్కూడా ఇక్కడ నీలంగా కనిపిస్తున్నాయి" అని ట్రాక్ ప్యాంటు పైకి లాగాడు. అతని పక్కనావిడ తన కాలు చూపించింది. కాసేపటికి కమిటీ సభ్యుల్లో సగం మంది పిక్కలు బయట పెట్టుకుని నిలబడ్డారు. డాక్టరు గారికి ఇదంతా హుషారుగా ఉంది. నాకు మాత్రం యాదయ్య కోసం భయం, గోడకు ఆనుకుని తల దించుకుని ఉన్నాడు.

ఓబులేశు మాత్రం విషయం వదల్లేదు. "అంటుకోదు, సరే సార్. మావాళ్ళు బట్టలియ్యకుంటే నేనేం చేసేది? నయమైందని నేనెట్ల చెప్పేది?"

"చూసి చెప్పండి" అన్నాడు డాక్టరు గారు. యాదయ్యను కుర్చీ మీద కాలు పెట్టమన్నాడు. యాదయ్య పెట్టలేదు. అంతమంది సార్ల ముందు కుర్చీ మీద కాలు పెట్టడం ఆయనకు చేతకాలేదు. డాక్టరు గారు నేల మీద చతికిలబడి, యాదయ్య పాదాన్ని తన తొడ మీదికి తీసుకుని కట్టు విప్పడం మొదలుపెట్టాడు. కట్టు కట్టడం రాదు గానీ విప్పడం వచ్చు. ముందు వరసలోని వాళ్ళు వంగి చూశారు. పుండు బొటనవేలి గోరంత మిగిలి ఉంది, పొడిగా.

ఓబులేశు కూడా వంగి చూశాడు. "దీపావళి దాకా చూద్దాం. అప్పటికి మానితే జాగా ఆయనదే. మానకుంటే నన్నేమీ అనొద్దు" అన్నాడు.

కాలు ఎత్తడం

గోరంత పుండు మానడం ఎంతసేపు అనుకుంటారు. ఆ చివరి గోరంతే మన ప్రాణం తీస్తుంది. ఎంత చూసినా అది అంతే ఉంది. కట్టు సరిగానే ఉంది, లాగి మరీ చూశాను. మిగిలింది ఒక్కటే. మధ్యాహ్నం పూట కాసేపు వెల్లకిలా పడుకుని, కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టమన్నాం. అది చేస్తున్నావా అని అడిగితే యాదయ్య నేల చూపులు చూశాడు.

"సార్లు, మేడమ్‌లు వస్తా పోతా ఉంటరు సిస్టరమ్మా. వాళ్ళ దిక్కు కాలు జాపి పంటే మర్యాద ఉంటదా? మా నాయనైతే కాలు ఇరగ్గొట్టేటోడు."

దీనికి నా దగ్గర మందు లేదు. పెద్దల వైపు కాళ్ళు చాపకూడదని నన్నూ మా అమ్మ అలాగే పెంచింది. ఆ రేకుల కింద చాటు లేదు, గేటులోకి పోయే ప్రతి కారుకూ ఆ చోటు కనిపిస్తుంది. దీపావళి దగ్గర పడుతోంది. ఆ కాలు ఎత్తకపోతే జాగా పోతుంది, ఎత్తితే మర్యాద పోతుందని ఆయన నమ్ముతున్నాడు.

మాటలతో అయ్యే పని కాదని ఒక మధ్యాహ్నం నేనే పోయాను. బాలమణి చాప వేసింది. నేను స్టూలు మీద గోనెసంచి మడిచి పెట్టాను. ఇద్దరం కలిసి యాదయ్యను పడుకోబెట్టి, కాలు ఎత్తి దాని మీద పెట్టాం. పాదం నేరుగా గేటు వైపు చూస్తోంది. యాదయ్య కళ్ళ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక కారు పోయింది, ఇంకో కారు పోయింది. ఆయన కాలు ప్రతిసారీ ఉలిక్కిపడేది, నేను పట్టుకునేదాన్ని.

అంతలో గేటులోంచి ఓబులేశు నడిచి వచ్చాడు. చేతిలో బట్టల మూట ఉంది. ఫిర్యాదులు మొదలైన నాటి నుంచి ఆయనింటి బట్టలు యాదయ్య దగ్గరికి రాలేదని బాలమణి నాతో అంతకు ముందే చెప్పింది. "సెక్రటరీ సార్ వస్తున్నడు" అంది ఇప్పుడు, చిన్నగా.

యాదయ్య దిగ్గున లేవబోయాడు. కాలు స్టూలు మీద నుంచి జారింది.

"దించాకు యాదయ్యా" అన్నాడు ఓబులేశు. "పడుకో. నేను నిలబడుకుంటాలే."

ఆయనే వంగి గోనెసంచి సరిచేశాడు. మూట బల్ల మీద పెట్టి, రేకుల గుంజకు ఆనుకుని ఫోను తీసి చూసుకుంటూ నిలబడ్డాడు. గేటులోంచి పోయే వాళ్ళు కొందరు కారు అద్దాలు దించి చూశారు. ఆయన వాళ్ళకు చెయ్యి ఊపాడు, అంతే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

మోచేతి కింద నుంచి యాదయ్య చెంప మీదికి కూడా నీళ్ళు జారాయి. తుడుచుకోవడానికి కూడా ఆయన కదల్లేదు. ఆ మధ్యాహ్నం, సెక్రటరీ గారు అక్కడ నిలబడి ఉన్నంతసేపూ, యాదయ్య కాలు దించలేదు.